ఏ గ్రహాన్ని ముందు పరిశీలించాలి?



సూర్యుడు కాక ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను బాహ్యగ్రహాలు అంటారని మీరు చదువుకునే ఉంటారు. 1995లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు మిషెల్ మేయర్, డిడియే కెలోజ్‌లు సూర్యుడి వంటి ఒక నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మొదటిసారిగా ప్రకటించారు. దాని పేరు 51 పెగాసి బి. ఆ పనికి 2019లో వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ముప్ఫయ్యేళ్ళు తిరిగేసరికి, 2025 సెప్టెంబరులో, నిర్ధారితమైన బాహ్యగ్రహాల సంఖ్య 6,000 దాటింది.

గ్రహాలను ఎలా కనుగొంటారనే విషయం మీద చాలా పుస్తకాలు ఉన్నాయి. ఈనాటి ప్రసంగంలో మనం చర్చించబోయే ప్రశ్న వేరు. ఇన్ని వేల గ్రహాల్లో జీవానికి అనుకూలంగా ఉండే అవకాశం ఉన్నవి ఏవి? వాటిలోనూ ముందుగా, ఎక్కువ సమయం పెట్టి, నిశితంగా పరిశీలించవలసినవి ఏవి? ఈ నిర్ణయం ఎలా జరుగుతుంది?

ఇది చిన్న ప్రశ్న అనుకోకండి. ఒక గ్రహపు వాతావరణంలో ఏ వాయువులు ఉన్నాయో చెప్పగల పెద్ద పరికరాలు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ. వాటిలో ముఖ్యమైనది 2021 డిసెంబరు 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శిని. దాని దర్పణం వ్యాసం 6.5 మీటర్లు. ఏడాదికి ఉండేవి 8,760 గంటలే కదా! 2024 అక్టోబరులో ముగిసిన నాలుగో విడత దరఖాస్తుల్లో శాస్త్రవేత్తలు 2,300కు పైగా ప్రతిపాదనలు పంపారు. వారు అడిగిన సమయం మొత్తం దాదాపు 78,000 గంటలు. అంటే ఉన్న సమయానికి సుమారు తొమ్మిది రెట్లు. పైగా ఆ దూరదర్శిని గ్రహాల కోసమే లేదు. తొలినాటి గెలాక్సీలు, పుడుతున్న నక్షత్రాలు, కృష్ణబిలాలు అన్నీ ఆ సమయంలోనే వాటా అడుగుతాయి. కాబట్టి ఒక గ్రహానికి వంద గంటలు ఇచ్చామంటే మరొక దానికి ఆ వంద గంటలు ఇవ్వలేదని అర్థం. తప్పు గ్రహాన్ని ఎంచుకుంటే పోయేది డబ్బు మాత్రమే కాదు, తిరిగిరాని పరిశీలన కాలం.

మనకు నిజంగా తెలిసేది ఎంత?

ఎంపిక గురించి మాట్లాడే ముందు మన చేతిలో ఉన్న సమాచారం ఎంతో చూద్దాం. బాహ్యగ్రహాల్లో ఎక్కువ భాగం మనకు నేరుగా కనిపించవు. నక్షత్రం వెలుగులో వచ్చే చిన్న మార్పులను బట్టి వాటి ఉనికిని తెలుసుకుంటాం.

మొదటి పద్ధతి సంక్రమణం. 2004 జూన్ 8న, మళ్ళీ 2012 జూన్ 6న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లని చుక్కలా సాగిపోవడం మన దేశంలో చాలామంది చూశారు. అలాగే దూరపు గ్రహం తన నక్షత్రానికి అడ్డు వచ్చినప్పుడు నక్షత్రం వెలుగు కొద్దిగా తగ్గుతుంది. ఎంత తగ్గిందో కొలిస్తే గ్రహం వ్యాసార్థం తెలుస్తుంది. ఎన్ని రోజులకు ఒకసారి తగ్గుతోందో చూస్తే దాని సంవత్సరం ఎంతో తెలుస్తుంది. 2009 నుంచి 2018 వరకు పనిచేసిన కెప్లర్ దూరదర్శిని ఈ పద్ధతిలోనే 2,600కు పైగా గ్రహాలను అందించింది. 2018లో ప్రయోగించిన టెస్ అదే పద్ధతిలో మనకు దగ్గరగా ఉన్న నక్షత్రాలను గాలిస్తోంది.

రెండో పద్ధతి నక్షత్రపు ఊగిసలాట. గ్రహం ఆకర్షణ వల్ల నక్షత్రం కూడా కొద్దిగా అటూ ఇటూ కదులుతుంది. డాప్లర్ ప్రభావం ద్వారా ఆ కదలికను కొలిస్తే గ్రహం ద్రవ్యరాశి తెలుస్తుంది. భూమి వల్ల సూర్యుడు కదిలే వేగం సెకనుకు సుమారు 9 సెంటీమీటర్లు. చీమ నడకను కాంతి సంవత్సరాల దూరం నుంచి కొలవడం వంటిది ఈ పని!

కాబట్టి సాధారణంగా మన చేతికి వచ్చేవి ఇవి: వ్యాసార్థం, కక్ష్య, నక్షత్రం రకం, అదృష్టం ఉంటే ద్రవ్యరాశి. పత్రికల్లో బాహ్యగ్రహాల బొమ్మలు చూసి ఉంటారు. నీలి సముద్రాలు, తెల్లని మేఘాలు, ఎర్రటి ఆకాశం. ఆ బొమ్మలన్నీ చిత్రకారుల ఊహలే. ఈ మాట గుర్తుంచుకుంటే సగం అపోహలు తొలగిపోతాయి.

మొదటి జల్లెడ: నేల ఉందా?

జీవానికి ద్రవరూపంలో నీరు కావాలని, ఆ నీరు నిలవడానికి రాతి నేల ఉండాలని శాస్త్రవేత్తలు మొదటి అంచనాగా తీసుకుంటారు. గ్రహం మరీ పెద్దదైతే దాని చుట్టూ హైడ్రోజన్, హీలియం వంటి తేలిక వాయువుల దట్టమైన పొర ఉంటుంది. అప్పుడు అది నెప్ట్యూన్‌కు చిన్న తమ్ముడే కాని భూమికి అన్న కాదు.

ఈ హద్దు ఎక్కడ? వ్యాసార్థం, ద్రవ్యరాశి రెండూ తెలిసిన గ్రహాలను పోల్చి చూసిన 2015 నాటి పరిశోధన ప్రకారం, భూమి వ్యాసార్థానికి 1.6 రెట్లు దాటిన గ్రహాల్లో ఎక్కువ భాగం పూర్తి రాతి గ్రహాలు కావు. ద్రవ్యరాశి తెలిస్తే ఇంకా మంచిది. సాంద్రత లెక్క కట్టవచ్చు. నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1 గ్రాము, భూమి సగటు సాంద్రత 5.5 గ్రాములు. భూమి అంత పరిమాణమున్న గ్రహానికి సాంద్రత 2 వస్తే అది రాయి, ఇనుములతో మాత్రమే తయారైంది కాదని చెప్పవచ్చు.

మరీ చిన్నదైనా ఇబ్బందే. అంగారకుడి ద్రవ్యరాశి భూమిలో సుమారు పదో వంతు. ఆ తక్కువ ఆకర్షణతో అది తన వాయువులను పట్టి ఉంచలేకపోయింది. ఈనాడు అక్కడ పలుచని వాతావరణం మాత్రమే మిగిలింది.

రెండో జల్లెడ: ఎంత వేడి అందుతోంది?

భోగినాడు మంట చుట్టూ నిలబడిన అనుభవం మీకు ఉండే ఉంటుంది. మరీ దగ్గరికి వెళితే ఒళ్ళు కాలుతుంది, మరీ దూరం జరిగితే చలి వేస్తుంది. రెంటికీ మధ్య హాయిగా ఉండే చోటు ఒకటి ఉంటుంది. పెద్ద మంటకు ఆ చోటు దూరంగా, చిన్న కుంపటికి దగ్గరగా ఉంటుంది. నక్షత్రం చుట్టూ అటువంటి ప్రాంతాన్నే ఆవాసయోగ్య మండలం అంటారు. అంటే, తగిన వాతావరణం ఉన్న గ్రహం మీద నీరు ద్రవరూపంలో నిలవగల దూరం.

సూర్య భూముల మధ్య దూరం, అంటే సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, ఒక ఖగోళ ప్రమాణం. 1993లో జేమ్స్ కాస్టింగ్, ఆయన సహచరులు సూర్యుడి ఆవాసయోగ్య మండలం 0.95 నుంచి 1.37 ఖగోళ ప్రమాణాల వరకు ఉంటుందని లెక్కగట్టారు. 2013లో రవికుమార్ కొప్పరపు, ఆయన సహచరులు కొత్త సమాచారంతో ఆ లెక్కను సవరించారు. లోపలి హద్దు 0.99 దగ్గరికి, బయటి హద్దు సుమారు 1.7 దగ్గరికి జరిగాయి. ఇవాళ ఏ నక్షత్రానికి ఈ మండలం గీయాలన్నా పరిశోధకులు ఎక్కువగా వాడేది ఆ సూత్రాలనే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ లెక్క ప్రకారం అంగారకుడు కూడా ఆవాసయోగ్య మండలంలోనే ఉన్నాడు. అంతెందుకు, మన చంద్రుడు సూర్యుడి నుంచి భూమి ఉన్నంత దూరంలోనే ఉన్నాడు. కాని గాలి లేదు, సముద్రం లేదు. మరోవైపు బృహస్పతి ఉపగ్రహం యూరోపా, శని ఉపగ్రహం ఎన్సెలాడస్ ఈ మండలానికి చాలా బయట ఉన్నాయి. అయినా వాటి మంచుపొర కింద నీటి సముద్రాలు ఉన్నట్టు బలమైన ఆధారాలు దొరికాయి.

కాబట్టి ఆవాసయోగ్య మండలంలో ఉండడం అంటే గ్రూప్-1 పరీక్షలో ప్రిలిమ్స్ దాటడం వంటిది. మెయిన్స్ రాయడానికి అర్హత వచ్చిందంతే, ఉద్యోగం వచ్చినట్టు కాదు. పత్రికల్లో "మరో భూమి దొరికింది" అన్న శీర్షిక చూసినప్పుడు, అది ప్రిలిమ్స్ ఫలితమా, మెయిన్స్ ఫలితమా అని అడగడం నేర్చుకోండి.

శుక్రుడిని తీసుకోండి. వ్యాసార్థం భూమిలో 95 శాతం. ద్రవ్యరాశి 82 శాతం. నలభై కాంతి సంవత్సరాల దూరంలో ఎవరైనా ఉండి మన పరికరాలతోనే మన వైపు చూస్తే, వారికి భూమి, శుక్రుడు కవలల్లా కనిపిస్తాయి. కాని శుక్రుడి నేల మీద ఉష్ణోగ్రత సుమారు 465 డిగ్రీల సెల్సియస్, గాలి పీడనం భూమి మీదకన్నా 90 రెట్లు ఎక్కువ. ఈ తేడాకు కారణం పరిమాణం కాదు, వాతావరణం. అందుకే అసలు పరీక్ష వాతావరణంలోనే ఉంది.

మూడో జల్లెడ: నక్షత్రం స్వభావం

మన పాలపుంతలోని నక్షత్రాల్లో సుమారు 70 శాతం ఎర్ర మరుగుజ్జులు. ఇవి చిన్నవి, చల్లనివి. వాటి చుట్టూ గ్రహాలను పరిశీలించడం చాలా తేలిక. ఎందుకో లెక్క చూడండి. భూమి సూర్యుడికి అడ్డు వస్తే సూర్యకాంతి తగ్గేది సుమారు 0.008 శాతం. ట్రాపిస్ట్-1 అనే ఎర్ర మరుగుజ్జు వ్యాసార్థం సూర్యుడిలో 12 శాతమే. భూమి అంత గ్రహం దానికి అడ్డు వస్తే వెలుగు 0.6 శాతం వరకు తగ్గుతుంది. అంటే 70 రెట్లు స్పష్టమైన సంకేతం. పైగా అక్కడ ఆవాసయోగ్య గ్రహం సంవత్సరం కొద్దిరోజులే. భూమి వంటి దానికి ఏడాదికి ఒక్క సంక్రమణం దొరికితే, అక్కడ ఏడాదికి డజన్ల కొద్దీ దొరుకుతాయి.

మరి చిక్కేమిటి? కుంపటి దగ్గరికి జరిగి కూర్చుంటే వెచ్చగానే ఉంటుంది, కాని నిప్పురవ్వలు మీద పడతాయి. ఎర్ర మరుగుజ్జుల్లో చాలావాటి నుంచి తీవ్రమైన జ్వాలలు, ఎక్స్ కిరణాలు, అతినీలలోహిత కిరణాలు వెలువడతాయి. దగ్గరగా ఉన్న గ్రహపు వాయువులను అవి కోట్ల సంవత్సరాల కాలంలో ఊడగొట్టగలవు. ఈ నక్షత్రాలు తమ బాల్యంలో ఇప్పటికన్నా చాలా ఎక్కువ వెలుగుతో మండుతాయి కూడా. ఇవాళ హాయిగా ఉన్న చోటు అప్పట్లో కొలిమి. అప్పుడే నీరంతా ఆవిరై పోయి ఉండవచ్చు. ఇక, ఇంత దగ్గరగా తిరిగే గ్రహాలు, భూమికి చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపినట్టు, నక్షత్రానికి ఒకే ముఖం చూపే అవకాశం ఎక్కువ. ఒకవైపు ఎప్పుడూ పగలు, రెండోవైపు ఎప్పుడూ రాత్రి.

ఇక్కడే అసలు వివాదం ఉంది. సులభంగా పరిశీలించగలిగే గ్రహాలు జీవానికి అంత అనుకూలమైనవి కాకపోవచ్చు. జీవానికి అనుకూలమైన సూర్యుడి వంటి నక్షత్రాల గ్రహాలను పరిశీలించడం ఇప్పటి పరికరాలకు సాధ్యం కాదు.

నాలుగో జల్లెడ: పరిశీలించగలమా?

సంక్రమణ సమయంలో నక్షత్రకాంతిలో కొంత భాగం గ్రహపు వాతావరణం గుండా వడకట్టుకొని మన దగ్గరికి వస్తుంది. ఒక్కొక్క వాయువు కొన్ని తరంగదైర్ఘ్యాల కాంతిని శోషిస్తుంది. వర్ణపటంలో ఆ గుర్తులను చదివితే ఏ వాయువులు ఉన్నాయో తెలుస్తుంది. అయితే భూమి వంటి గ్రహం చుట్టూ వాతావరణం ఎంత పలుచన! ట్రాపిస్ట్-1 వంటి చిన్న నక్షత్రం ముందు కూడా ఆ గుర్తు వెలుగులో పది లక్షల్లో కొన్ని పదుల వంతులే ఉంటుంది.

అందుకని 2018లో ఎలైజా కెంప్టన్, ఆమె సహచరులు గ్రహాలకు మార్కులు వేసే ఒక సూత్రాన్ని ప్రతిపాదించారు. గ్రహం వ్యాసార్థం పెరిగితే మార్కులు పెరుగుతాయి. వేడి పెరిగినా పెరుగుతాయి, ఎందుకంటే వేడికి వాతావరణం ఉబ్బుతుంది. గ్రహం ద్రవ్యరాశి పెరిగితే మార్కులు తగ్గుతాయి, ఎందుకంటే ఎక్కువ ఆకర్షణ వాయువును కిందికి అణచి ఉంచుతుంది. నక్షత్రం పెద్దదైతే మార్కులు తగ్గుతాయి. నక్షత్రం మనకు ప్రకాశవంతంగా కనిపిస్తే మళ్ళీ పెరుగుతాయి.

ఈ సూత్రంలో ద్రవ్యరాశి ఎంత ముఖ్యమో గమనించారా? ద్రవ్యరాశి తెలియని గ్రహానికి సరైన మార్కులు వేయలేం. ఈ పనిలో మన దేశానికీ పాత్ర ఉంది. అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాలకు చెందిన శాస్త్రవేత్తలు మౌంట్ అబూలో 1.2 మీటర్ల దూరదర్శినికి అమర్చిన పారస్ అనే వర్ణపట పరికరంతో నక్షత్రాల ఊగిసలాట కొలుస్తూ వచ్చారు. 2018లో వారు ప్రకటించిన కె2-236 బి అనే గ్రహం ద్రవ్యరాశి భూమికి సుమారు 27 రెట్లు. అది ఆవాసయోగ్యమైనది కాదు. కాని అందులో వాడిన విద్య మాత్రం ఈ ఎంపికకు పునాది వంటిదే.

అయిదు గ్రహాలు, ఒక నిర్ణయం

ఇప్పుడు మీరే నిర్ణేతలు. మీ ముందు అయిదు గ్రహాల దరఖాస్తులు ఉన్నాయి.

మొదటిది కెప్లర్-452 బి. 2015లో ప్రకటించారు. సూర్యుడి వంటి నక్షత్రం, 385 రోజుల సంవత్సరం, వ్యాసార్థం భూమికి సుమారు 1.6 రెట్లు. వినడానికి ఎంతో బాగుంది. కాని వెయ్యి కాంతి సంవత్సరాలకు పైగా దూరం. నక్షత్రం మసక, గ్రహం ద్రవ్యరాశి తెలియదు. దాని వాతావరణాన్ని చదివే దారి ఇవాళ లేదు.

రెండోది ప్రాక్సిమా సెంటారీ బి. 2016లో ప్రకటించారు. దూరం 4.2 కాంతి సంవత్సరాలే. సూర్యుడి తరువాత మనకు అతి సమీప నక్షత్రం అది. కాని ఈ గ్రహం మన వైపు నుంచి చూస్తే నక్షత్రానికి అడ్డు రాదు. కాబట్టి వ్యాసార్థం తెలియదు, కనీస ద్రవ్యరాశి మాత్రమే తెలుసు. నక్షత్రమా, తరచూ జ్వాలలు ఎగజిమ్ముతుంది.

మూడోది టీఓఐ-700 డి. 2020లో ప్రకటించారు. సుమారు 100 కాంతి సంవత్సరాల దూరం, దాదాపు భూమి పరిమాణం, 37 రోజుల సంవత్సరం. నక్షత్రం శాంతమైనది. కాని సంకేతం బలహీనం, వాతావరణం చదవడానికి జేమ్స్ వెబ్‌కు కూడా చాలా ఎక్కువ సమయం కావాలి.

నాలుగోది ఎల్‌హెచ్‌ఎస్ 1140 బి. సుమారు 49 కాంతి సంవత్సరాల దూరం. వ్యాసార్థం 1.7 రెట్లు, ద్రవ్యరాశి 5.6 రెట్లు. రెండూ బాగా తెలుసు. నక్షత్రం నెమ్మదైనది. వ్యాసార్థం మన మొదటి జల్లెడ హద్దును కొంచెం దాటింది. అయినా 2024లో వచ్చిన జేమ్స్ వెబ్ ఫలితాలు దానికి హైడ్రోజన్ పొర ఉండకపోవచ్చని, నీరు గణనీయంగా ఉండే అవకాశం ఉందని సూచించాయి.

అయిదోది ట్రాపిస్ట్-1 ఇ. దూరం సుమారు 40 కాంతి సంవత్సరాలు. ఈ నక్షత్రం చుట్టూ ఏడు రాతి గ్రహాలు ఉన్నాయని 2017లో మిషెల్ గియాన్ బృందం ప్రకటించింది. వాటిలో 'ఇ' వ్యాసార్థం భూమిలో 92 శాతం, ద్రవ్యరాశి 69 శాతం, సంవత్సరం 6.1 రోజులు.

మీరు ఎవరికి సమయం ఇస్తారు? తొందరపడకండి. ముందు ఇంకొక ప్రశ్న వేసుకోండి: "కాదు" అనే జవాబు వచ్చినా నాకు ఏదైనా తెలుస్తుందా? మంచి ఎంపిక అంటే "అవును" వచ్చినా, "కాదు" వచ్చినా జ్ఞానం పెరిగేది. కెప్లర్-452 బి వైపు వందల గంటలు చూసి ఏమీ కనిపించకపోతే, అక్కడ వాతావరణం లేదో, మన పరికరం చాలలేదో తేల్చలేం. ట్రాపిస్ట్-1 విషయంలో అలా కాదు. ఒకే నక్షత్రం, ఏడు గ్రహాలు, వేర్వేరు దూరాలు. ప్రకృతే ఒక ప్రయోగశాల కట్టి ఇచ్చినట్టు ఉంది.

అందుకే శాస్త్రవేత్తలు ముందుగా లోపలి గ్రహాలను చూశారు. గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్ళినప్పుడు పరారుణ కాంతి ఎంత తగ్గిందో కొలిస్తే పగటివైపు ఉష్ణోగ్రత తెలుస్తుంది. గాలి ఉంటే అది వేడిని రాత్రివైపుకు మోసుకెళుతుంది, పగటివైపు కొంత చల్లబడుతుంది. గాలి లేకపోతే బండరాయిలా మాడిపోతుంది. 2023లో వచ్చిన ఫలితాల్లో 'బి' గ్రహం పగటివైపు సుమారు 230 డిగ్రీల సెల్సియస్ ఉందని తేలింది. ఇది గాలి లేని రాయికి సరిపోయే లెక్క. 'సి' గ్రహం మీద శుక్రుడికి ఉన్నటువంటి దట్టమైన వాతావరణం లేదని తేలింది.

ఇక 'ఇ' గ్రహం. నాలుగు సంక్రమణాల పరిశీలన ఫలితాలు 2025 సెప్టెంబరులో వచ్చాయి. హైడ్రోజన్‌తో నిండిన ఆదిమ వాతావరణం లేదని అవి చెప్పాయి. నత్రజని ఎక్కువగా ఉన్న వాతావరణం ఉండవచ్చు, అసలు వాతావరణమే లేకపోనూ వచ్చు. నక్షత్రం మీద ఉన్న మచ్చలు వర్ణపటాన్ని గజిబిజి చేయడం పెద్ద అడ్డంకి. దీనికి ఒక తెలివైన ఉపాయం ఆలోచించారు. గాలి లేదనుకున్న 'బి' గ్రహం, 'ఇ' గ్రహం ఒకదాని వెంట ఒకటి అడ్డు వచ్చే సమయాలను ఎంచుకొని రెంటినీ పరిశీలిస్తారు. 'బి'లో కనిపించే మార్పులన్నీ నక్షత్రం మచ్చల వల్లనే అయి ఉండాలి. వాటిని 'ఇ' నుంచి తీసివేస్తే మిగిలేది 'ఇ' సొంతం. పనికిరాదని పక్కన పెట్టిన గ్రహం తూకపురాయిగా ఉపయోగపడింది చూశారా!

ఇదే ఆలోచనతో జేమ్స్ వెబ్ సంచాలకుల ఆధీనంలోని సమయం నుంచి 500 గంటలను ఎర్ర మరుగుజ్జుల చుట్టూ ఉన్న రాతి గ్రహాలకు కేటాయించారు. జీవం ఉందా అని కాదు, అసలు ఇటువంటి గ్రహాలు గాలిని నిలుపుకోగలవా అన్నదే వారి ప్రశ్న. దానికి "కాదు" అని జవాబు వస్తే, రేపటి పరికరాలను సూర్యుడి వంటి నక్షత్రాల వైపు తిప్పవలసిన అవసరం మరింత బలపడుతుంది.

ఒక ప్రకటన నేర్పిన పాఠం

కె2-18 బి పేరు మీరు వినే ఉంటారు. 124 కాంతి సంవత్సరాల దూరం, భూమికి 8.6 రెట్ల ద్రవ్యరాశి, 2.6 రెట్ల వ్యాసార్థం. మన మొదటి జల్లెడలో ఇది నిలవదు. కాని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పనిచేసే భారతీయ శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్, ఆయన బృందం 2021లో ఒక కొత్త ప్రతిపాదన చేశారు. హైడ్రోజన్ వాతావరణం కింద సముద్రం ఉన్న గ్రహాలు కూడా ఆవాసయోగ్యం కావచ్చని. వాటికి హైసియన్ గ్రహాలని పేరు పెట్టారు. జల్లెడ కన్నాలు మనం పెట్టినవే కదా, మార్చుకోవచ్చు. 2023లో ఆ బృందం జేమ్స్ వెబ్ ద్వారా కె2-18 బి మీద మీథేన్, కార్బన్ డయాక్సైడ్ గుర్తించింది.

2025 ఏప్రిల్‌లో అదే బృందం అక్కడ డైమిథైల్ సల్ఫైడ్ లేదా దానికి దగ్గరి వాయువు జాడలు ఉన్నాయని ప్రకటించింది. భూమి మీద ఈ వాయువును ప్రధానంగా సముద్రంలోని సూక్ష్మజీవులు తయారు చేస్తాయి. ప్రపంచమంతా వార్తలు మారుమోగాయి. ఆ ఫలితం గణాంక బలం "మూడు సిగ్మా". అంటే ఆ వాయువు లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా అటువంటి కొలతలు వచ్చే అవకాశం 0.3 శాతం. జీవం ఉండే అవకాశం 99.7 శాతం అని దీని అర్థం కాదు! ఈ పొరపాటు చాలామంది చేశారు. ఖచ్చితమైన ఆవిష్కరణ అనడానికి "అయిదు సిగ్మా" కావాలి. తరువాత అదే సమాచారాన్ని ఇతర బృందాలు వేరే పద్ధతుల్లో విశ్లేషించి, ఆ వాయువు ఉందనడానికి తగిన ఆధారం లేదన్నాయి. పైగా 2024లోనే ఒక తోకచుక్క నుంచి వచ్చిన పదార్థంలో ఇదే అణువు కనిపించింది. అంటే జీవం లేకుండా కూడా అది తయారు కాగలదు.

ఇందులో ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. ఒకరు చెప్పడం, మరొకరు పరీక్షించడం శాస్త్రం నడిచే తీరు. కాని ఎంపిక విషయంలో ఒక పాఠం ఉంది. ఒక్క వాయువును నమ్ముకొని గ్రహాన్ని నెత్తికెత్తుకోకూడదు. ఆక్సిజన్ కూడా నీరు విడిపోవడం వల్ల జీవం లేకుండానే పోగుపడవచ్చు. ఆక్సిజన్, మీథేన్ రెండూ కలిసి ఉంటే మాత్రం ఆసక్తికరం. ఎందుకంటే అవి ఒకదానినొకటి హరించుకుంటాయి. రెండూ నిలిచి ఉన్నాయంటే ఏదో ఒకటి వాటిని నిరంతరం తయారు చేస్తూ ఉండాలి. 1990లో గెలీలియో అంతరిక్షనౌక భూమి పక్కగా వెళుతూ తీసిన కొలతల్లో కార్ల్ సాగన్ బృందం ఈ జంటనే చూసింది. మన భూమి మీద జీవం ఉందని అంతరిక్షం నుంచి పరీక్షించి చూసిన ప్రయోగం అది.

ముందు దారి

సూర్యుడి వంటి నక్షత్రాల గ్రహాలను చూడాలంటే నక్షత్రకాంతిని అడ్డుపెట్టి గ్రహాన్ని నేరుగా ఫొటో తీయాలి. కంటికి కనిపించే కాంతిలో సూర్యుడు భూమికన్నా సుమారు వెయ్యి కోట్ల రెట్లు ప్రకాశవంతం. స్టేడియం ఫ్లడ్‌లైట్ పక్కన మిణుగురు పురుగును వెతకడం కూడా దీనికన్నా తేలిక. ఈ పని కోసం 2021లో అమెరికా శాస్త్రవేత్తల దశాబ్ద సమీక్ష సుమారు 6 మీటర్ల అంతరిక్ష దూరదర్శినిని సిఫారసు చేసింది. నాసా దానికి హ్యాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ అని పేరు పెట్టింది. 2040 దశకంలో ప్రయోగించాలని ఆలోచన. దానికి తగిన 164 సమీప నక్షత్రాల తొలి జాబితా కూడా తయారైంది. ఆ జాబితాలో ఏ నక్షత్రానికి జ్వాలలు ఎక్కువ, దేనికి జంట నక్షత్రం అడ్డు, దేని వయసు ఎంత అన్నది ఇప్పటి నుంచే చూస్తున్నారు.

లక్ష్యం సుమారు 25 ఆవాసయోగ్య గ్రహాలను పరిశీలించడం. ఎందుకు 25? లెక్క వేసి చూడండి. ఇటువంటి గ్రహాల్లో పదింట ఒకదానిపై గుర్తించదగిన జీవం ఉందనుకుందాం. ఒక గ్రహం మీద కనిపించకపోయే అవకాశం 0.9. పాతిక గ్రహాల్లో ఒక్కదాని మీదా కనిపించకపోయే అవకాశం 0.9ని పాతిక సార్లు గుణిస్తే వస్తుంది: సుమారు 0.07. అంటే 7 శాతం. కాబట్టి పాతికలోనూ ఏమీ దొరకకపోతే, జీవం అంత విరివిగా లేదని కొంత ధైర్యంగా చెప్పవచ్చు. ఒకటి రెండు గ్రహాలు మాత్రమే చూస్తే ఆ మాట చెప్పలేం.

ఈనాడు పదిహేడేళ్ళున్న విద్యార్థికి ఆ దూరదర్శిని పనిచేసే నాటికి ముప్ఫై అయిదేళ్ళు దాటుతాయి. జాబితాలో ఏ నక్షత్రం ఉండాలి, ఏది తీసేయాలి అన్న చర్చలో కూర్చునేది మీ తరమే. దీనికి సిద్ధపడడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. కెప్లర్, టెస్, జేమ్స్ వెబ్ సమాచారం కొంత గడువు తరువాత అందరికీ ఉచితంగా అందుబాటులోకి వస్తుంది. ఇంటర్నెట్ సౌకర్యం, ఇంటర్మీడియెట్ స్థాయి భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం మీద కొంత పట్టు ఉంటే మీరు నక్షత్రపు వెలుగు రేఖలు గీసి చూడవచ్చు.

చివరగా, మీరు ఆలోచించడానికి మూడు ప్రశ్నలు ఇస్తున్నాను. స్నేహితులతో చర్చించండి.

ఒకటి: మీ దగ్గర 100 గంటలు ఉన్నాయి. ట్రాపిస్ట్-1 ఇ ఒక్కదానికే మొత్తం ఇస్తారా, లేక పది గ్రహాలకు పదేసి గంటలు పంచుతారా? ఎందుకు?

రెండు: భూమి మీద జీవం పుట్టాక కూడా వంద కోట్ల సంవత్సరాలకు పైగా గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. ఆక్సిజన్ కోసమే వెతికే దూరదర్శినికి అప్పటి భూమి జాబితాలో చోటు సంపాదించేదా?

మూడు: మన సౌరకుటుంబాన్ని దూరం నుంచి చూస్తున్న వారు మీరే అయితే, భూమి, శుక్రుల్లో ఏది ముందు పరిశీలించాలో తేల్చుకోవడానికి ఏ ఒక్క కొలత అడుగుతారు?

మూడో ప్రశ్నకు మీరు రాసుకున్న జవాబును ఆ 164 నక్షత్రాల జాబితాకు వర్తింపజేసి చూడండి. ఏ పరికరం అవసరమో, ఏ గ్రహం ముందుకు వస్తుందో మీకే అర్థమవుతుంది.